చంటిబిడ్డకు మంచినీళ్ళు – ఎప్పుడు, ఎన్ని, ఎలా?

(సాంస్కృతికోత్సవాల సందర్భంగా జరిగిన మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ నాటికలూ కోలాటాలూ జరిగే ఈ పండుగ రోజున చంటిపిల్లల మంచినీళ్ళ గురించి ఉపన్యాసమేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యవర్గంవారు నన్ను పిలిచినప్పుడు "సంప్రదాయం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. సంప్రదాయం అంటే పట్టుచీరా, పూలజడా మాత్రమే కాదు గదా! బిడ్డకు మొదటి ముద్ద ఎవరు పెట్టాలి, ఏ గిన్నెతో పట్టాలి, ఎన్ని నెలలకు పట్టాలి అన్నది కూడా సంప్రదాయమే. పైగా ఇది నాలుగు తరాలుగా ఈ దేశంలో ఉంటున్న మన ఇళ్ళల్లో ఇంకా మిగిలి ఉన్న సంప్రదాయం. తెలుగు మాట్లాడడం తగ్గిన ఇళ్ళల్లో కూడా అన్నప్రాశన మానలేదు. అందుచేత ఈ విషయమే ఎంచుకొన్నాను.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని. చాలా సంవత్సరాలు పిల్లల క్లినిక్కుల్లో నర్సుగా పని చేసి విశ్రాంతి తీసుకొంటున్నాను. తల్లులు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో రాసుకొని ఉంటే అందులో సగం పేజీలు నీళ్ళకే సరిపోయేవి. "సిస్టర్, నీళ్ళు పట్టమంటారా, వద్దంటారా?" – ఈ ప్రశ్న చీనా తల్లి అడిగింది, మలయా తల్లి అడిగింది, మన తల్లీ అడిగింది. కాని మన ఇళ్ళల్లో ఈ ప్రశ్న వెనుక ఒక చిన్న తగాదా కూడా ఉంటుంది. అది ఇలా నడుస్తుంది.

"ఏమే అమ్మాయ్, ఇంత ఉక్కలో పసివాడి గొంతు పిడచకట్టుకుపోతోందే! రెండు ఉగ్గుగిన్నెలు నీళ్ళు పొయ్యకూడదూ?"

"వద్దత్తయ్యా, ఆరు నెలలదాకా నీళ్ళు పట్టొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు."

"ఆ డాక్టరు నిన్నగాక మొన్న పుట్టాడు. నీ మొగుణ్ణి నేను నీళ్ళు పట్టే పెంచాను. ఏం, బాగా లేడూ?"

కోడలు మాట్లాడదు. సాయంత్రం మొగుడు ఇంటికి వచ్చాక ఇద్దరూ ఆయనతో చెబుతారు. ఆయన ఇద్దరి మాటా సరేనంటాడు! కోడలు ఉద్యోగానికి వెళ్ళగానే అత్తగారు నీళ్ళు పడుతుంది. అది కోడలికి తెలుస్తుంది. ఆ ఇంట్లో బిడ్డ ఆరోగ్యం కంటె మాటలు తగ్గడమే పెద్ద సమస్య అవుతుంది.

ఈ ఇద్దరిలో ఎవరి మాట సరి? చివరకు డాక్టరుగారి మాటే నిలుస్తుంది. కాని అత్తగారి మాట వెనుక కూడా కారణం ఉంది. ఆ రెండూ వివరంగా చెప్పుకొందాం.

ముందుగా ఆరు నెలల లోపు సంగతి. తల్లిపాలు నూటికి 87, 88 పాళ్ళు నీళ్ళే. బిడ్డ రొమ్ము పట్టగానే మొదట వచ్చే పాలు ఇంకా పలచన. దాహం తీరడానికి అవి చాలు. ఎంత ఎండ దేశమైనా సరే, ఆరోగ్యంగా ఉండి తల్లిపాలు తాగే బిడ్డకు ఆరు నెలలదాకా వేరే నీళ్ళు అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన సింగపూరు ఉక్క రాజస్థాన్ ఎడారి ఎండ కంటె ఎక్కువేమీ కాదు గదా! ఉక్కగా ఉన్న రోజున బిడ్డ మరి రెండుసార్లు ఎక్కువగా పాలడుగుతాడు. ఇవ్వండి. అదే వాడి మంచినీళ్ళ కడవ.

డబ్బాపాలు తాగే బిడ్డకూ ఇంతే. పొడిలో మనం కలిపేదే నీళ్ళు. డబ్బా మీద ఎన్ని చెంచాలకు ఎన్ని నీళ్ళని రాశారో అన్నే కలపాలి. డబ్బా త్వరగా అయిపోతోందని ఒక చెంచా తగ్గించి నీళ్ళు పెంచడం చాలా ప్రమాదం.

ఎందుకు ప్రమాదం? రెండు కారణాలున్నాయి.

ఒకటి, పొట్ట చిన్నది. నాలుగు నెలల బిడ్డకు 120 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టారనుకోండి. ఆ చోటులో పట్టవలసిన పాలు పట్టలేదన్న మాట. అన్ని పాలలో సుమారు 80 కేలరీల శక్తి ఉంటుంది. ఆ వయసు బిడ్డకు రోజంతటికీ కావలసినది సుమారు 550. అంటే రోజు తిండిలో ఏడింట ఒక వంతు నీళ్ళపాలయింది. బిడ్డ ఏడవడు, పొట్ట నిండింది గనుక. "చూశావా, నీళ్ళు పట్టగానే ఎంత హాయిగా పడుకొన్నాడో!" అని మనం మురిసిపోతాం. కాని తూకం మిషను ఎక్కించినప్పుడు ముల్లు ముందుకు కదలదు. పైగా బిడ్డ రొమ్ము తాగడం తగ్గిన కొద్దీ తల్లికి పాలు కూడా తగ్గుతాయి.

రెండవది, మూత్రపిండాలు. పసిపిల్లల మూత్రపిండాలు ఎక్కువ నీటిని త్వరగా బయటకు పంపలేవు. ఆ నీరు రక్తంలో చేరి, అందులోని ఉప్పును, అనగా సోడియాన్ని, పలచన చేస్తుంది. ఒక లెక్క చెబుతాను. ఆరు కిలోల బిడ్డకు 240 మిల్లీలీటర్ల సీసాడు నీళ్ళు పట్టడం, అరవై కిలోల మనిషి ఒక్కసారిగా రెండు లీటర్ల నాలుగువందల మిల్లీలీటర్లు తాగడంతో సమానం. మనమే తట్టుకోలేం, పసివాడు ఎలా తట్టుకొంటాడు? సోడియం బాగా పడిపోతే బిడ్డ మత్తుగా ఉంటాడు, ముఖం ఉబ్బుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, ఫిట్సు వస్తాయి. అమెరికాలో పేద తల్లులు పాలపొడి అయిపోయిన రోజుల్లో నీళ్ళు పట్టి బిడ్డల్ని సముదాయించడం వల్ల ఇటువంటి కేసులు వరుసగా ఆస్పత్రికి వచ్చాయని సెయింట్ లూయిస్ నగరపు పిల్లల వైద్యులు 1991లో రాశారు. రెండు చెంచాల నీళ్ళకే ఇంత జరుగుతుందని నేను భయపెట్టడం లేదు. రెండు చెంచాలు రెండు గిన్నెలుగా, రెండు గిన్నెలు సీసాగా మారడం మన కళ్ళెదుటే జరుగుతుంది. అందుకే గీత మొదటే గీయడం మంచిది.

మరి అత్తగారి మాట వెనుక కారణమేమిటి? ఆ రోజుల్లో తల్లిపాలు చాలని బిడ్డలకు ఆవుపాలో గేదెపాలో పట్టేవారు. అవి దూడ కోసం పుట్టిన పాలు. మనిషి బిడ్డకు వాటిలో ఉప్పూ, మాంసకృత్తులూ ఎక్కువ. అందుచేత నీళ్ళు కలిపి కాచి పట్టమని ఆనాటి డాక్టర్లే చెప్పేవారు. ఆ పాలకు నీళ్ళు కావాలి గనుకనే మన పెద్దలకు నీళ్ళు పట్టే అలవాటు వచ్చింది. ఇవాళ వచ్చే శిశువుల పాలపొడిలో ఆ ఉప్పును ముందే తగ్గించి తయారుచేస్తున్నారు. మారినది పాలు. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. కనుక మీ అత్తగారు తెలివితక్కువది కాదు, ఆమె నేర్చుకొన్న పాఠం ఆ పాలకు సరిపోయిన పాఠం.

ఈ ఊరి చరిత్రలో కూడా పాలకూ నీళ్ళకూ పెద్ద కథే ఉంది. చైనాటౌన్‌లోని క్రెటా అయర్ అనే పేరుకు మలయా భాషలో నీళ్ళబండి అని అర్థం. ఎడ్లబండ్ల మీద నీళ్ళు తెచ్చి అమ్మిన రోజుల పేరు అది. ఊరికి మంచినీళ్ళు తెప్పించండని 1857లో టాన్ కిమ్ సెంగ్ అనే వర్తకుడు 13,000 డాలర్లు విరాళమిచ్చారు. మనలో చాలామంది పుట్టిన కండాంగ్ కెర్బావ్ ఆస్పత్రి పేరుకు అర్థం గేదెల కొట్టం. సెరంగూన్ రోడ్డు ప్రాంతమంతా ఒకప్పుడు పశువుల వ్యాపారానికి పేరు. ఆ ఆస్పత్రిలో 1966 ఒక్క సంవత్సరంలోనే 39,835 కాన్పులు జరిగాయి. ప్రపంచంలోనే అది రికార్డుగా ఎక్కింది.

ఈ ఊళ్ళోనే పనిచేసిన ఒక మహా వైద్యురాలి పేరు మన పిల్లలకు తెలియాలి. ఆమె డాక్టర్ సిసిలీ విలియమ్స్. జమైకాలో పుట్టి, ఆఫ్రికాలో పనిచేసి, 1936లో మలయాకు వచ్చారు. ఆనాడు ఇక్కడి తల్లులు చక్కెర కలిపిన డబ్బా చిక్కపాలను వేడినీళ్ళతో పలచన చేసి చంటిబిడ్డలకు పట్టేవారు. అది తల్లిపాలకు సమానమన్నట్లు ప్రచారం జరిగేది. బిడ్డలు చూడడానికి లావుగా ఉండి, లోపల బలం లేక, విరేచనాలు పట్టుకొని చనిపోయేవారు. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో మాట్లాడమని పిలిస్తే ఆమె తన ఉపన్యాసానికి "పాలు – హత్య" అని పేరు పెట్టారు. పెద్దమనుషుల సభలో అంత మాట అనడానికి గుండె కావాలి. తరువాత జపానువారి కాలంలో ఆమె చాంగీ జైలులో బందీ అయ్యారు. ఆ నిర్బంధంలో 20 మంది బిడ్డలు పుట్టారు. ఇరవైమందీ తల్లిపాలే తాగారు, ఇరవైమందీ బతికారు. తిండికి కరవు, మందులకు కరవు ఉన్న చోట బిడ్డలను కాపాడింది డబ్బాలూ సీసాలూ కాదు.

1950లో సింగపూరులో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలో 80 మందికి పైగా తొలి పుట్టినరోజు చూడలేదు. ఇవాళ ఆ సంఖ్య సుమారు రెండు. మంచినీటి కొళాయి, మురుగు కాలువలు, టీకాలు, క్లినిక్కులు, చదువుకొన్న తల్లులు – ఇవన్నీ కలిసి చేసిన పని ఇది. రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ వచ్చిన మన ముత్తవ్వలు ఎంతమంది బిడ్డలను పోగొట్టుకొన్నారో మన కుటుంబాల్లో కథలుగా విన్నాం. కనుక ఈ చిన్న విషయాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇప్పుడు ఆరు నెలలు నిండిన సంగతికి వద్దాం. అన్నప్రాశన మగపిల్లలకు సరి నెలల్లో, అనగా ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో, ఆడపిల్లలకు బేసి నెలల్లో, అయిదో నెలలోనో ఏడో నెలలోనో చేయడం మన ఆచారం. డాక్టర్లు చెప్పే సుమారు ఆరు నెలలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! ఆడపిల్లకు అయిదో నెలలో ముహూర్తం కుదిరితే ఏం చేయాలని అడుగుతారు. ముహూర్తానికి పరమాన్నం వేలితో నాలుకకు తాకించండి, అక్షింతలు వేయండి, భోజనాలు చేయండి. రోజువారీ తిండి మాత్రం బిడ్డ మెడ నిలబెట్టి, ఆనుకొని కూర్చోగలిగి, మన కంచం వంక ఆశగా చూసే రోజున, ఆరు నెలల ప్రాంతంలో మొదలుపెట్టండి. నీళ్ళు ఆ తిండితో పాటు మొదలవుతాయి, ముహూర్తంతో కాదు. ఆ పరమాన్నంలో తేనె మాత్రం వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం క్రిమి పెద్దలను ఏమీ చేయదు గాని చంటిబిడ్డ నరాలను పడగొట్టగలదు.

తిండి మొదలయ్యాక నీళ్ళు ఎందుకు? గట్టి తిండి లోపలికి పోతుంది గనుక గొంతు తడవడానికీ, విరేచనం గట్టిపడకుండా ఉండడానికీ, ముఖ్యంగా గిన్నెతో తాగడం నేర్చుకోవడానికీ. అంతే గాని ఆ నీళ్ళు ఆహారం కాదు. ఏడాది నిండేదాకా బిడ్డకు ముఖ్యమైన పానీయం పాలే.

ఎన్ని? మొదటి వారాల్లో తిండి తిన్న తరువాత రెండు మూడు గుక్కలు. అంతే. బిడ్డ ఒకపూట తింటే ఒకపూట, రెండుపూటలు తింటే రెండుపూటలు. తొమ్మిదో నెల వచ్చేసరికి మూడుపూటలా తింటాడు గనుక కొంచెం పెరుగుతుంది. ఆరు నుండి పన్నెండు నెలల బిడ్డకు రోజు మొత్తం మీద 4 నుండి 8 ఔన్సులు, అనగా సుమారు 120 నుండి 240 మిల్లీలీటర్లు అని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది. ఆ పెద్ద అంకె ఏడాది దగ్గరపడిన బిడ్డకు, అదీ రోజంతా కలిపి. బలవంతం చేసి పూర్తి చేయించవలసిన లెక్క కాదు. ముఖం తిప్పుకొంటే మానండి. తిండికి ముందు నీళ్ళు పట్టకండి, ఆకలి చచ్చిపోతుంది.

ఇక్కడ ఇంకో మాట. మనం బిడ్డకు తెలియకుండా నీళ్ళే తిండిగా పెడుతుంటాం! పప్పు మీద తేరిన కట్టు, చారు మీది తేట, అన్నం గంజి – ఇవి తేలికగా అరుగుతాయని పోస్తాం. అవి అరుగుతాయి, నిజమే. అరగడానికి వాటిలో ఏమీ లేదు గనుక! ఆరు నెలల బిడ్డకు కావలసింది పప్పు, పైన తేట కాదు. మెత్తగా ఉడికిన అన్నమూ పప్పూ నెయ్యి చుక్క వేసి మెదిపి, చెంచా వంచితే జారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. రాగిజావైనా అంతే. ఉప్పూ పంచదారా అప్పుడే వద్దు. ఆకుకూర, గుడ్డు, చేప, మాంసం తినే ఇళ్ళల్లో అవీ మెత్తగా చేసి పెట్టవచ్చు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకొన్న ఇనుము ఆరు నెలల ప్రాంతానికి తరిగిపోతుంది. ఆ లోటు గంజినీళ్ళు తీర్చలేవు.

ఇక దేనితో పట్టాలి? ఇది చెప్పడానికి నాకు చాలా సంతోషం. ఉగ్గుగిన్నె గుర్తుందా? పక్కన పక్షిముక్కులాంటి మూతి ఉన్న చిన్న గిన్నె. మన తమిళ సోదరీమణులు దాన్నే పాలాడై అంటారు. ఈ తరం పిల్లలు అది పూజగదిలో పెట్టే వస్తువేమో అనుకొంటున్నారు. ఈనాడు డాక్టర్లు ఏమంటున్నారంటే, ఆరు నెలల తరువాత నీళ్ళు సీసాతో కాదు, మూతి తెరిచి ఉన్న చిన్న గిన్నెతో పట్టండి అంటున్నారు. గిన్నెతో అయితే బిడ్డ గుక్క గుక్కగా తాగుతాడు, ఎన్ని తాగాడో మనకు కనిపిస్తుంది, నోటి కండరాలకు పని తగులుతుంది, కడగడం సుళువు. రబ్బరు పీకలోని మురికి మన కంటికి కనిపించదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఆస్పత్రుల్లో పాలాడైతో పాలు పట్టి పరిశీలించిన డాక్టర్లు కూడా ఉన్నారు. అవ్వ పెట్టెలో ఉన్న గిన్నెను శాస్త్రం మళ్ళీ బయటకు తీసింది.

అయితే ఒక హెచ్చరిక. ఆ గిన్నె వెండిదో స్టీలుదో అయితే నిశ్చింతగా వాడండి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పాలు కాచి నిలవ ఉంచి పట్టడానికీ, చంటిపిల్లల కాలేయం చెడడానికీ సంబంధముందని 1980ల ప్రాంతంలో పూణే డాక్టర్లు గమనించారు. పాత ఇత్తడి గిన్నె ఉంటే దాన్ని తోమి అలమరలో పెట్టి పిల్లలకు కథ చెప్పండి. పట్టడానికి స్టీలుది కొనండి. ఒడిలో కూర్చోబెట్టుకొని పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి పోయడం ఎప్పటికీ వద్దు.

ఏ నీళ్ళు? సింగపూరు కొళాయి నీళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు తగినవి. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆ నీళ్ళు నేరుగా ఇవ్వవచ్చు. కాచి చల్లార్చి ఇవ్వాలనిపిస్తే అలాగే ఇవ్వండి, నష్టం లేదు. మూత పెట్టి ఉంచి, మిగిలినవి మరుసటి రోజుకు పారబోయండి. డబ్బాపాల పొడి కలపడానికి మాత్రం మరగకాచిన నీళ్ళు 70 డిగ్రీల కంటె చల్లారకముందే వాడి, తరువాత చల్లార్చి పట్టాలి. పొడిలోనే క్రిములుండే అవకాశముంది గనుక ఈ జాగ్రత్త.

బిడ్డను తీసికొని మన ఊరు వెళ్ళినప్పుడు లెక్క వేరు. అక్కడ నీళ్ళు తప్పక మరగకాచాలి, లేదా సీలు ఉన్న సీసా నీళ్ళు వాడాలి. ఇంకో సంగతి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల కొన్ని ప్రాంతాల్లో బోరుబావి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఎముకలు వంగిపోయే ఈ జబ్బును ఆనాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అటువంటి ఊళ్ళో బిడ్డకు నది నీళ్ళ కొళాయి నుండో, శుద్ధి చేసిన సీసా నుండో పట్టండి. మా తాతగారి ఊరి బావి అమృతం అనుకోవద్దు. ముందు అడిగి తెలుసుకోండి.

నీళ్ళకు బదులుగా పట్టేవాటి సంగతి. పండ్లరసం ఏడాది నిండేదాకా వద్దు, పండునే మెదిపి పెట్టండి. టీ వద్దు, పంచదార నీళ్ళు వద్దు, గ్లూకోజు నీళ్ళు వద్దు. వాము నీళ్ళూ, గ్రైపు వాటరూ ఆరు నెలల లోపు బిడ్డకు పట్టడం కూడా నీళ్ళు పట్టడమే. కడుపునొప్పి అనుకొంటే భుజాన వేసుకొని తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

విరేచనాలు పట్టుకొన్నప్పుడు మాత్రం ఈ లెక్కలు మారతాయి. అప్పుడు ఒట్టి నీళ్ళు చాలవు, పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బనగాం శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైను సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు నోటితో పట్టించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఇవాళ ఓఆర్‌ఎస్ అని పొట్లాల్లో దొరికేది అదే. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి, రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టాలి. పాలు మానకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు విరేచనాలైతే ఇంటి వైద్యం పెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

బిడ్డకు నీరు చాలుతోందో లేదో ఎలా తెలుస్తుంది? గొంతు చూసి కాదు, గుడ్డ చూసి! రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, అది లేత రంగులో ఉండి, బిడ్డ చలాకీగా ఆడుకొంటుంటే సరిపోతోందన్న మాట. మూత్రం తగ్గి ముదురు రంగులో ఉన్నా, నోరు పొడిబారినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, మాడు గుంటపడినా అప్పుడు ఆలస్యం చేయవద్దు. నిద్రమత్తుగా ఉండి పాలు తాగకపోయినా ఆలస్యం వద్దు.

చివరగా మన కుటుంబాల సంగతి. సింగపూరు పౌరుడైన బిడ్డను కన్న తల్లికి 16 వారాల ప్రసవ సెలవు ఉంది. 2025 ఏప్రిల్ నుండి తల్లిదండ్రులు పంచుకొనే మరికొన్ని వారాలు కలిశాయి. అయినా బిడ్డకు ఆరు నెలలు నిండకముందే చాలామంది తల్లులు ఉద్యోగానికి తిరిగి వెళ్ళక తప్పదు. సరిగ్గా నీళ్ళ ప్రశ్న వచ్చే నెలల్లోనే బిడ్డ నాయనమ్మ చేతికో, అమ్మమ్మ చేతికో, పని అమ్మాయి చేతికో, శిశు సంరక్షణ కేంద్రానికో వెళుతుంది. అందుచేత తల్లి ఒక్కతే తెలుసుకొంటే చాలదు. బిడ్డను ఎత్తుకొనే ప్రతి చేతికీ ఈ సంగతి తెలియాలి.

కోడళ్ళకు నా మనవి ఇది. "డాక్టరు వద్దన్నాడు" అని తలుపు వేయకండి. మీ అత్తగారిని క్లినిక్కుకు వెంట తీసికొని వెళ్ళండి. డాక్టరుగారి నోటినుండే ఆమెను విననివ్వండి. ఆరు నెలల తరువాత ఉగ్గుగిన్నెతో తొలి గుక్క పట్టే పని ఆమెకే అప్పగించండి. ఆమె చేతికి పని లేకుండా చేయడం వల్లనే తగాదా వస్తుంది, నీళ్ళ వల్ల కాదు.

అత్తలకూ అమ్మలకూ నా మనవి ఇది. మీ కోడలు మీ పెంపకాన్ని తప్పుపట్టడం లేదు. మీరు మీ కాలానికి తగినట్లు పెంచారు, ఆమె తన కాలానికి తగినట్లు పెంచుతోంది. ఆమె ఇంట్లో లేనప్పుడు కూడా ఆమె మాట నిలబెట్టండి. చాటుగా పట్టిన ఒక్క గుక్క బిడ్డకు చేసే నష్టం కంటె, మీ ఇద్దరి మధ్య నమ్మకానికి చేసే నష్టం ఎక్కువ.

మగవారికి కూడా ఒక మాట. రెండు వైపులా తల ఊపకండి. ఎన్ని నెలలకు, ఎన్ని గుక్కలు, ఏ గిన్నెతో అన్నది ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటించండి. పని అమ్మాయికి అర్థమయ్యే భాషలో కూడా రాయండి. అది ఒక్క సాయంత్రం పని.

1975లో సింగపూరు తెలుగు సమాజం ఏర్పడిన నాటినుండి మన భాష నిలబడాలని ఎందరో పాటుపడుతున్నారు. ఉగ్గు, ఉగ్గుగిన్నె, అన్నప్రాశన, గోరుముద్ద – ఈ మాటలు నిఘంటువులో కాదు, చంటిబిడ్డ నోటి దగ్గర బతుకుతాయి. ఆరు నెలలు నిండాక బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, మెత్తని పప్పన్నం రెండు ముద్దలు పెట్టి, ఉగ్గుగిన్నెతో రెండు గుక్కలు పట్టి, "ఇంద నాన్నా, మంచినీళ్ళు" అని తెలుగులో చెప్పండి. ఆ మాట వాడికి ఆ నీళ్ళతోపాటే వస్తుంది.

 పిల్లాపాపలతో చల్లగా ఉండండి.